సహపంక్తి శ్రవణము

బడిలో పుస్తకపఠనమనగానే మనవారి మనస్సున మెదలు దృశ్యమొక్కటే. పిల్లవాడు లేచి నిలువబడి చదువును. ఉపాధ్యాయుడు తప్పు కొరకు చెవియొగ్గి వినును. తక్కిన పిల్లలు తమ వంతు ఎప్పుడు వచ్చునోయని దిగులుపడుచు, తమకు రాబోవు వాక్యమేదో వ్రేలితో లెక్కించుకొనుచుందురు. చదువుచున్నవానికి కథ యందు ధ్యాస లేదు. వినుచున్నవారికి అంతకంటెను లేదు. ఇట్లు మన బడులలో పఠనము పరీక్షకు మారుపేరై చిరకాలమునుండి నిలిచియున్నది.

దీనికి వేరైన పద్ధతి యొకటి కలదు. ఉపాధ్యాయుడే ఒక మంచి కథల పుస్తకము తెరచి బిగ్గరగా, భావము తెలియునట్లు చదువును. పిల్లలు ఊరక కూర్చుండి విందురు. దానిపై ప్రశ్నపత్రముండదు, మార్కులుండవు. రేపు ఏమి జరుగునోయను కుతూహలమొక్కటియే వారిని మరునాడు బడికి రప్పించును. పెక్కు దేశములలోని ప్రాథమిక పాఠశాలలలో ఇది నిత్యకృత్యము. ఈ అలవాటు నుండియే ఇటీవల మరియొక యత్నము పుట్టినది. పలు దేశముల బడులు ఒకే పుస్తకమును ఒకే కాలమున చదివి, తమ పిల్లలకు తోచిన మాటలను ఒకరికొకరు పంపుకొనుటయే ఆ యత్నము. దానిని గూర్చియు, ఆ పంక్తిలో మన పిల్లలకు గల చోటును గూర్చియు ఈ వ్యాసమున కొంత ముచ్చటింప దలచితిమి.

ఒక జనసమూహమంతయు ఒకే పుస్తకము చదువవలెనను తలంపు అమెరికాలో మొదట పెద్దలకై పుట్టినది. 1998లో సియాటిల్ నగరమున నాన్సీ పెర్ల్ అను గ్రంథాలయాధికారిణి, నగరవాసులందరు ఒకే నవల చదివి చర్చించుకొనునట్లు ఏర్పాటు గావించెను. 2001లో షికాగో నగరము ఆ మార్గమునే పట్టెను. తరువాత 2010లో, డెన్మార్కున పుట్టి విస్కాన్సిన్ రాష్ట్రమున ఉపాధ్యాయినిగా నుండిన పెర్నిల్ రిప్ అను ఆమె ఈ తలంపును పిల్లల బడులలోనికి దెచ్చెను. ఆ యేడు ఎన్నుకొన్న పుస్తకము, ఫ్రెంచి రచయిత సేంతెగ్జుపెరీ 1943లో ప్రకటించిన చిన్ని రాకుమారుని కథ. కొలది తరగతులతో మొదలైన యీ పని ఏటేట పెరిగి అనేక దేశములకు వ్యాపించినది. అక్టోబరు మాసమున ఆరంభించి ఆరు వారములు సాగించుట దాని నియమము. వయస్సు ననుసరించి వేర్వేరు పుస్తకములు నిర్ణయింపబడెను. ఎవరి బడిలో వారి ఉపాధ్యాయులు వారమునకిన్ని ప్రకరణములని చదివి వినిపించి, పిదప ఉత్తరముల మూలముననో, అంతర్జాలము మూలముననో తమ పిల్లల యూహలను దూరపు తరగతులకు అందజేసిరి.

అందరు ఒకే గడియలో విందురని చదువరులు భ్రమపడరాదు. అక్టోబరు మాసమున మన బడిలో ఉదయము 10 గంటలు కొట్టునప్పటికి విస్కాన్సిన్ రాష్ట్రమున ముందునాటి రాత్రి 11.30 అగును, అచ్చటి పిల్లలు గాఢనిద్రలో నుందురు. సూర్యుడు కలుపనివారిని పుస్తకము కలుపుచున్నది. మనవాడు ఇరువదవ పుటయొద్ద ఆగి ఏమనుకొనెనో, అదే పుటయొద్ద ఆగిన ఇంకొక దేశపు పిల్లవాడు అదియే యనుకొనెనా, మరియొకటి యనుకొనెనా యని తెలిసికొనుట యందే యీ వేడుకయంతయు గలదు. తనవంటి బుద్ధియే పరదేశమున నున్నదని తెలిసి పిల్లవాడు సంతసించును. తనకు తోచనిది ఎదుటివానికి తోచెనని తెలిసినచో ఆశ్చర్యపడును. ఈ రెండును చదువు క్రిందనే లెక్కకు వచ్చును.

ఇది మనకు పూర్తిగా క్రొత్త గాదని కొందరందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. వానకాలపు రాత్రులలో ఊరి దేవళపు మండపమున పౌరాణికుడు భారతమో భాగవతమో చదువుచు అర్థము చెప్పుచుండగా, అక్షరము ముక్క రానివారు సయితము తన్మయులై వినుట మన దేశమున తరతరముల యాచారము. ఒకే గ్రంథము నూరూళ్లలో చదువబడెను. నన్నయ తిక్కనల పేళ్లు వ్రాయనేరని రైతుకు ద్రౌపది కథ వచ్చుట ఆ శ్రవణము వలననే. కాని ఆ మండపమున ఎవరెవరు ఎచ్చటెచ్చట కూర్చుండిరో గూడ జ్ఞాపకముంచుకొనవలెను. కొందరు పౌరాణికుని యెదుట, కొందరు మెట్లపై కూర్చుండిరి. కొందరికి గుడి ప్రహరీ వెలుపలి చీకటియే చోటు. కథ ఒకటియే, కాని పంక్తి ఒకటి గాదు.

అందుచేతనే మన సంస్కర్తలు పూర్వము సహపంక్తి భోజనములకు అంత పట్టుబట్టిరి. అన్నము అందరి యింటను ఉడుకునదే. ఒక వరుసలో కూర్చుండి, ఒకే కుండలోనిది, ఒకే మర్యాదతో తినుటయే యచ్చట ముఖ్యము. నేడు ప్రభుత్వపు బడిలో మధ్యాహ్న భోజనము ఆ పనిని కొంతవరకు చేయుచున్నది. అదే బడిలో, అదే నేలపై, ఒక కథను అందరు ఒక్కరీతిగా వినుటను మేము సహపంక్తి శ్రవణమని పిలుచుచున్నాము. వినుటకు కులము లేదు, అది చాలామంది యొప్పుకొందురు. వినుటకు మార్కులు గూడ లేవు. తరగతిలో మొదటివాడును చివరివాడును ఆ పావుగంట సేపు సమానులే.

ఈ సమానత ఎంత యవసరమో తెలియుటకు రెండంకెలు చాలును. గ్రామసీమల బాలబాలికల చదువును పరిశీలించు అసర్ నివేదిక ననుసరించి, 2022లో దేశమంతటి మీద మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠము చదువగలిగినవారు 100కి 20 మందికి కొంచెము మించిరి. 2024లో వారు 27 మంది. అనగా నలుగురిలో ముగ్గురికి తమ క్రింది తరగతి పుస్తకము గూడ మూసిన తలుపే. అట్టి పిల్లవానికి పుస్తకమనిన తన చేతగానితనమును పదిమందిలో బయటపెట్టు వస్తువు. దానిని వాడు ప్రేమించుటెట్లు? వానికి చదువ రాకున్నను విన వచ్చును. కంటికి అందని వాక్యము చెవికి అందును. పిల్లలు చదివి గ్రహింపగల మాటలకంటె విని గ్రహింపగల మాటలు చాల యెక్కువయని భాషాబోధకులందరు ఎరిగినదే. పిల్లలకు బిగ్గరగా చదివి వినిపించుటకంటె పఠనశక్తికి పునాదియైన పని మరియొకటి లేదని అమెరికాలో 1985లో వెలువడిన యొక ప్రసిద్ధ నివేదిక తేల్చి చెప్పెను. అంతకు మూడేండ్లు ముందే, 1982లో, జిమ్ ట్రెలీస్ అను పత్రికా రచయిత ఈ యొక్క విషయముపైననే పుస్తకము ప్రచురించి తలిదండ్రులలో గొప్ప కదలిక కలిగించెను. పాఠము చదువలేని పిల్లవాడు కథ వినుటకు తగడనుట, నడువలేనివాడు ఎత్తుకొనబడుటకు తగడనుట వంటిది.

ఒక పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలో ఈ పద్ధతిని మేము కన్నులార చూచితిమి. అచ్చటి ఉపాధ్యాయిని ప్రతిదినము భోజనపు గంటకు ముందు పావుగంట సేపు 'రైలుబడి' చదివి వినిపించుచుండెను. ఇది జపాను దేశీయురాలు తెత్సుకో కురోయానాగి 1981లో ప్రకటించిన తన చిన్ననాటి బడి ముచ్చట్లకు తెనుగు. టోక్యో నగరమున, పాత రైలుపెట్టెలే తరగతి గదులుగా, కొబయాషి యను ప్రధానోపాధ్యాయుడు నడపిన బడి యది. పిల్లలు భోజనములో సముద్రమునుండి వచ్చినదొకటి, కొండనుండి వచ్చినదొకటి తెచ్చుకొనవలెనని ఆయన నియమము. ఆ ఘట్టము విన్ననాడు మన పల్లెపిల్లలు తమ పళ్లెములవంక చూచుకొనిరి. పప్పు కొండది యని యొకడనెను. ఉప్పు సముద్రముది యని యొక బాలిక కనిపెట్టెను. గ్రుడ్డు ఎచ్చటిదో తేలక వారిలో వారు తగవులాడుకొనిరి. భోజనము ముగిసినను ఆ తగవు ముగియలేదు.

కడపటి ప్రకరణమున, 1945 నాటి బాంబులకు ఆ బడి తగులబడిన సంగతి వచ్చినది. గది నిశ్శబ్దమైనది. అంతవరకు తరగతిలో నోరు విప్పి యెరుగని యొక బాలిక, "మరి ఆ పిల్లలు తరువాత ఎక్కడ చదువుకున్నారు టీచర్?" అని యడిగెను. వాచకములోని పాఠములయందు ఆమె ఎన్నడును ఏమియు నడిగినది గాదని ఉపాధ్యాయిని మాతో చెప్పెను. ఆ బాలిక తలిదండ్రులు ఏటేట పనులకై వలసపోవుదురట. ఆమెకు బడి మారుట అనిన నేమో తెలియును. పుస్తకము ఆమెకు అక్షరము నేర్పెనో లేదో చెప్పజాలము గాని, ఆమె నోట ప్రశ్న పుట్టించినది. ఆ ప్రశ్న మాత్రము ఆ గదిగోడలు దాటలేదు. దానిని అందుకొనుటకు వేరొక బడి, వేరొక దేశము ఎదుట లేకపోయినది. అదే పుస్తకము చదువుచున్న జపాను తరగతి యొకటి ఆ ప్రశ్నను వినియున్నచో, ఆ బాలిక తాను పుస్తకమున కావలివారితో మాటాడితినని యెరిగియుండెడిది.

ఇచ్చటనే భాషాసమస్య ఎదురగును. ఈ లోకపఠనమున ఎన్నుకొనబడిన పుస్తకములలో అధికభాగము ఆంగ్లమున పుట్టినవి. జరుగు ఉత్తరప్రత్యుత్తరములలోను దానిదే పెత్తనము. అయిన మన పిల్లలను మొదటినుండి ఆంగ్లమున చదివించుటయే మందుగదాయని కొందరి వాదము. ఆంధ్రప్రదేశమున 2019లో ప్రభుత్వ పాఠశాలలనన్నిటిని ఆంగ్ల మాధ్యమమునకు మార్ప నుత్తరువు చేయగా, 2020లో ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. తెలంగాణమున 2022లో ప్రభుత్వపు బడులలో ఆంగ్ల బోధన ప్రవేశపెట్టబడెను. పేద తలిదండ్రులు ఆంగ్లము కోరుట తప్పని మేమనము. సంపన్నుల పిల్లలకు లాభించినది తమ పిల్లలకేల కూడదని వారడుగుట న్యాయమే. ఆంగ్లమును చక్కగా నేర్పవలసినదే. కాని నేర్చుకొనుచున్న భాష వేరు, నవ్వు వచ్చు భాష వేరు. తెలియని భాషలో కథ చదివి వినిపించినచో పిల్లలు నవ్వవలసినచోట నవ్వరు. ఉపాధ్యాయుడు నవ్వినప్పుడు నవ్వుదురు. అర్థమైనదా యని యడిగినచో అందరు ఒక్కసారిగా అయినదందురు. గ్రుడ్డు కొండదా, సముద్రముదా యను తగవు అట్టి గదిలో పుట్టదు.

కావున తెనుగు పిల్లలు తెనుగుననే వినవలెను, తెనుగుననే బదులాడవలెను. ఆ బదులును పెద్దతరగతుల విద్యార్థుల సాయముతో ఉపాధ్యాయులు ఆంగ్లమునకో, మరియొక భాషకో మార్చి పంపవచ్చును. ఆంగ్లమునకు గూడ అదియే మంచి అభ్యాసమగును. చెప్పదలచిన మాట యొకటి చేతనుండగా, దానికి పరభాషలో పదము వెదకుకొను పిల్లవాడు, ఊరక వల్లెవేయువానికంటె త్వరగా నేర్చును. అనువాదమున రుచి పోవునని శంకించువారికి మేము చెప్పునది యిది: చిన్ని రాకుమారుడు విస్కాన్సిన్ పిల్లలకు చేరినది అనువాదము వలననే, టోక్యో రైలుపెట్టెలు మన పల్లె చేరినదియు అనువాదము వలననే.

ఇంకొక ప్రశ్న దీనికంటెను పెద్దది. పంక్తిలో కూర్చుండుట సరియే, వడ్డించునది ఎవరు? సహపంక్తి భోజనమున ఒకరే యెల్లప్పుడు వడ్డించి, ఒకరే యెల్లప్పుడు తినుచున్నచో అది సమానత గాదు, అన్నదానము. 1990లో రూడిన్ సిమ్స్ బిషప్ అను అమెరికా విదుషీమణి, పిల్లల పుస్తకములు కొందరికి అద్దములు, కొందరికి కిటికీలు అని యొక చక్కని భావము వెల్లడించెను. తన్ను తాను చూచుకొనుటకు అద్దము, ఇతరులను చూచుటకు కిటికీ, రెండును ప్రతి పిల్లవానికి కావలెననియు, ఎల్లప్పుడు అద్దములే దొరకు పిల్లలు గూడ నష్టపోవుదురనియు ఆమె మతము. మన పిల్లలకు దొరలదేశపు మంచు, అచ్చటి నక్కలు, అచ్చటి రాకుమారులు పుస్తకములలో చిరపరిచితులే. అచ్చటి పిల్లవానికి మన చెరువుగట్టు, తాటితోపు, కల్లము, సంక్రాంతి హరిదాసు కనిపించు కిటికీ యెచ్చట నున్నది?

మనకు వడ్డించుటకు ఏమియు లేదనుట యసత్యము. 1947 జూలైలో మద్రాసునుండి తెనుగునను అరవమునను వెలువడనారంభించిన 'చందమామ' తరువాత పదికి మించిన భాషలలో వెలసినది. ఒకే నెలలో, ఒకే కథను, ఒకే బొమ్మలతో, తెనుగు బాలుడును మరాఠీ బాలుడును చదువుకొనిరి. లోకపఠనమను పేరు పుట్టకముందే మనవారు ఆ పని చేసి చూపిరి. ఆ పత్రిక నేడు వెలువడుటలేదు. ఆ మార్గము మాత్రము మూసికొనిపోలేదు. ప్రథమ్ బుక్స్ అను సంస్థ 2012 నుండి 'ఒక దినము ఒక కథ' యను పేర, ఒకే కథను దేశమందలి పలుచోట్ల పలుభాషలలో పిల్లలకు చదివించు ఉద్యమము నడపెను. 2015 సెప్టెంబరు 8న అదే సంస్థ 'స్టోరీవీవర్' అను అంతర్జాల పుస్తకశాలను స్థాపించెను. అందలి కథలను ఎవరైనను మూల్యము లేక చదువవచ్చును, అచ్చు వేసికొనవచ్చును, తమ భాషలోనికి మార్చి చేర్పవచ్చును. అందు తెనుగు పుస్తకములును గలవు. ఒక తెనుగు కథను అచ్చట నుంచి, దానిని ఆంగ్లమునకో స్వాహిలికో మార్చుటకు నేడు సుంకము లేదు, అనుమతి కొరకు పడిగాపులు లేవు. మనకు కొరతయైనది పూనిక మాత్రమే.

అయితే ఆంగ్లమునొద్ద మనము కోరు మర్యాదను మన భాషయొద్ద నిలిచినవారికి మనము చూపుచున్నామా? మన బడులలో ఇంటి భాష తెనుగు గాని పిల్లలు వేలకొలది గలరు. శ్రీకాకుళపు కొండలలో సవరలు, భద్రాచలపు అడవులలో కోయలు, ఆదిలాబాదున గోండులు, తండాలలో లంబాడీలు, పట్టణములలో ఉర్దూ మాటాడువారు ఉన్నారు. వీరి బిడ్డకు తెనుగు కథయే మొదటి పరభాష. గిడుగు రామమూర్తిపంతులుగారు ఈ సంగతిని నూరేండ్లకు పూర్వమే గ్రహించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, సవరల భాషను వారివద్దనే నేర్చి, ఆ భాషలో పాఠ్యపుస్తకములు వ్రాసి, వారి పిల్లలకు బడులు పెట్టించిరి. కొండ యెక్కి వినినవారే పల్లమున వ్యావహారిక భాష కొరకు పోరాడిరి. ఈ రెండు పనులును ఒక్కటే యని మా తాత్పర్యము. సవర పిల్లవాడు తన భాషలో ఆ కథ వినవలెను. సవర కథ యొకటి తెనుగు తరగతిలో చదువబడవలెను.

ఇందుకు మూడు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి. తీరికయేదని మొదటిది. ఆరు వారములపాటు బడి జరుగు దినములందు పావుగంట చొప్పున లెక్కించినచో మొత్తము తొమ్మిది గంటలకు మించదు. పరీక్షలకై వల్లెవేయించు కాలములో అదెన్నవ పాలు? పరికరములు లేవని రెండవది. పుస్తకమొకటి, గొంతుకయొకటి ఉన్న శ్రవణము సాగును. ఉపాధ్యాయుని ఫోను నుండి వారమునకొక యుత్తరము పోయినచో ప్రపంచమునకు దారి యేర్పడును. ఉపాధ్యాయులకు చదివి వినిపించుట రాదని మూడవది. ఇది కొంత నిజము. వారికి ఎవ్వరును చదివి వినిపింపలేదు గదా! అందుచేత ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో, బోధనాపద్ధతులపై ఉపన్యాసములతోబాటు, దినమునకొక కథ బిగ్గరగా చదువుట నియమముగా నుండవలెను. రైలుబడి ప్రధానోపాధ్యాయుడు క్రొత్తగా చేరవచ్చిన చిన్నదాని మాటలను నాలుగు గంటలపాటు విసుగులేక వినెనని ఆ పుస్తకమున నున్నది. చదివి వినిపించుట సగము పని. పిల్లలు చెప్పునది వినుట తక్కిన సగము. మొదటిదానికి శిక్షణ చాలును, రెండవదానికి ఓపిక కావలెను.

ఇక చేయదగినది చెప్పి విరమింతుము. ఏటేట ఆగస్టు 29న, గిడుగువారి జన్మదినమున, తెనుగు భాషాదినోత్సవమని పటములకు దండలు వేసి ఉపన్యసించుచున్నాము. ఆనాడు ఉపన్యాసములు మాని, ప్రతి ప్రాథమిక పాఠశాలలోను ఒకే కథల పుస్తకము తెరువబడుగాక. నాటినుండి ఆరు వారములు లెక్కించినచో అక్టోబరు రెండవ వారమునకు ముగియును. విజయనగరపు బడి అనంతపురపు బడికి వ్రాయవలెను. వరంగల్లు బడి చిత్తూరు బడికి వ్రాయవలెను. అమెరికాలో వారాంతమున తెనుగు నేర్చుకొను మన బిడ్డలకు ఒక ప్రతి పోవలెను, వారి ప్రక్కన కూర్చుండు తెల్లపిల్లలకు, నల్లపిల్లలకు వారే దానిని మార్చి చెప్పుదురు. మరుసటి యేట జపానుదో, కెన్యాదో మరియొక పుస్తకము మన నేలపై చదువబడవలెను. ఒక్కొక్క బడికి అగు వ్యయము ఒక పుస్తకపు వెల. తెరచుటకు ముందుగా కావలసిన ఉత్తరువు మాత్రమేదియు లేదు. పాఠశాలలలో పనిచేయు సోదరసోదరీమణులు ఆజ్ఞలకై వేచియుండక, ఎవరి తరగతిలో వారు రేపే పావుగంట కేటాయింతురని నమ్ముచున్నాము.